కంచరగాడిద పేరు మీద పడ్డ మెడల్

నా ఉద్యోగ కాలంలో చాలామందికి నోటీసులు పంపాను. బతికున్నవాళ్ళకు పంపాను, పోయినవాళ్ళకు పంపాను, పోయారని మా రికార్డులో రాసి ఉండగా నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నవాళ్ళకు కూడా పంపాను. కానీ ఒక కంచరగాడిదకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపింది మాత్రం ఒక్కసారే. దానికి అక్నాలెడ్జ్‌మెంటు కూడా తిరిగి వచ్చింది. భార్య సంతకంతో.

నవ్వకండి. మీరంతా ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు. కంప్యూటర్లు వచ్చాక తప్పులు పోయాయని మీకు ట్రైనింగులో చెప్పి ఉంటారు. తప్పులు ఎక్కడికీ పోలేదు. ఇదివరకు కొన్నిటినైనా చెదలు తినేసేవి, ఇప్పుడు అవి కూడా భద్రంగా ఉంటున్నాయి.

మాది మాజీ సైనికుల పనులు చూసే ఒక చిన్న కార్యాలయం, బెంగళూరు నడిబొడ్డున. పేరు చెప్పను. చెప్తే అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్ళు నా పెన్షన్ కాగితాలకు కొర్రీలు వేస్తారు. నేను బొమ్మనహళ్ళి నుంచి రోజూ బస్సులు మారి వెళ్ళేదాన్ని. చేరినప్పుడు టైపిస్టును, ఈ సంగతి జరిగేనాటికి సూపరింటెండెంటును. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి ఎవరి మాటా పడేదాన్ని కాదు. మా పని తప్పులు దిద్దడం కాదు, దిద్దమని రాయడం. అసలు రికార్డులు ఇంకో రాష్ట్రంలో ఉన్న రికార్డు ఆఫీసులో ఉంటాయి. వాళ్ళ పని కూడా దిద్దడం కాదు, దిద్దడానికి ఇంకా ఏమేం కావాలో అడగడం. ఈ రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూ మాజీ సైనికులు ముసలివాళ్ళయ్యేవారు.

మా పై అధికారి సైన్యంలో కల్నల్‌గా చేసి వచ్చిన పెద్దమనిషి. మంచివారే. కానీ ఆయనకు ప్రతిదానికీ ఒక ఫార్మాట్ కావాలి. ఒకసారి ఆయన టేబుల్ మీద సీలింగ్ ఫ్యాన్ ఊడిపడింది. దాని మీద రిపోర్టు ఏ ఫార్మాట్‌లో పంపాలో ముందు కనుక్కుని, ఆ తర్వాతే నుదుటికి మందు రాయించుకున్నారు. నా పక్క సీటులో కోలారు వైపు నుంచి వచ్చిన క్లర్కు ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు. పని బాగా చేసేవాడు కానీ నవ్వు ఆపుకోలేడు, ఆ జబ్బు వల్లే అతనికి ప్రమోషన్ ఆలస్యమైందని మా అందరి నమ్మకం.

ఒక రోజు పొద్దున్నే తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గరున్న అత్తిబెలె నుంచి దంపతులిద్దరు వచ్చారు. ఆయన పొడుగ్గా, ఎండిపోయి, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. ఆమె పొట్టిగా, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో, ఆయనకంటే రెండడుగులు ముందే ఉంది. ఆయన నోరు తెరిచేలోపు ఆమే మొదలుపెట్టింది.

“మేడమ్మా, ఈయప్ప ఇంటికి వచ్చేసినకాడ్నుంచి ఒకటే మాట చెప్తా ఉండాడు. మిలిట్రీలో మెడల్ వచ్చిందంట. కాలు ఇరిగి ఆస్పత్రిలో ఉంటే కెప్టెను వచ్చి చెప్పినాడంట, పోస్టులో వస్తుందని. మా ఊర్లో ఎంతమంది పోస్టుమాన్లు రిటైరైపోయినారో, అది మాత్రం రాలే. నిజంగా వచ్చిండాదా లేదా, అదొకటి చూసి చెప్పు. రాకపోయినా నేనేం అననులే. ఇప్పుడే తెలిసిపోతే ఈయప్పకు మానం దక్కుతుంది.”

విషయం ఏమిటంటే, అత్తిబెలెలో మాజీ సైనికులంతా కలిసి ఒక శిలాఫలకం పెట్టిస్తున్నారు. మెడల్స్ వచ్చినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తారు. ఈయన తన పేరు ఇచ్చాడు. వాళ్ళు కాగితం అడిగారు. కాగితం లేదు. అప్పటినుంచి చెక్‌పోస్టు దగ్గర టీ అంగడిలో ఈయన కనిపిస్తే చాలు, “ఏం మెడలప్పా, పోస్టు వచ్చిందా?” అని పలకరిస్తున్నారు. ఆయన టీ తాగడం మానేశాడు. భర్త అబద్ధాలకోరని ఊరు నవ్వుతుంటే ఆమెకు కోపం. ఊరు నవ్వేది నిజమేనేమో అని ఆమెకు లోపల అనుమానం. ఈ రెంటి మధ్యా ఆమె నలిగిపోతోందని నాకు చూడగానే అర్థమైంది.

“వచ్చింది మేడం” అన్నాడు ఆయన. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆయన సర్వీసు నంబరు కంప్యూటర్లో కొట్టాను. పేరు, ఊరు, తండ్రి పేరు, చేరిన వయసు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో పేజీకి వెళ్ళాను. అవార్డుల గడి ఖాళీ. ఆ మాట చెప్పబోతూ, మిగతా గడుల మీద కళ్ళు పడి ఆగిపోయాను. ఆమె గట్టిగా చదవమంది. చదివాను.

“పళ్ళు: పరీక్షించబడినవి, వయసు ఆరేళ్ళుగా అంచనా. లాడాలు: నాలుగూ గట్టిగా ఉన్నవి. తోక: ఆరోగ్యంగా ఉన్నది. ప్రవర్తన: బరువు కట్టునప్పుడు కరచును. ఎడమ వెనుక కాలితో తన్నును. పనికి వెనుదీయదు.”

పక్క సీటు క్లర్కు అప్పటికే బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయాడు. ఆమె మాత్రం తీవ్రంగా ఆలోచించి, “తన్నేది నిజమే మేడమ్మా. నిద్రలో తన్నుతాడు. అదొకటి సరిగ్గానే రాసినారు” అంది.

అప్పుడు ఆయన మెల్లగా చెప్పాడు. “నాది కంచరగాడిదల కంపెనీ మేడం. కొండల మీద బండి పోని చోటికి మేమే సామాన్లు మోసేది. మనిషికి ఒకటి. మనిషికొక కార్డు, దానికొక కార్డు, రెండూ ఒకటే కవర్లో పెడతా ఉండ్రి. జోడీ అంటారు. నేను యాడికి పోతే అది ఆడికి, కవరు గూడా ఆడికి.”

సంగతి తెలిసిపోయింది. పాత కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, ఆ కవరులోని రెండు కార్డుల వెనక వైపులు తారుమారయ్యాయి. ముందు పేజీ మనిషిది, వెనక పేజీ కంచరగాడిదది. ఎక్కించినవాడు గంటకు ఎన్ని కార్డులో లెక్క చెప్పుకోవాల్సినవాడు, తోక గురించి ఆలోచించే తీరిక అతనికి ఎక్కడిది?

“దాని నంబరు జ్ఞాపకం ఉందా?” అని అడిగాను. సైన్యంలో ప్రతి కంచరగాడిదకూ గిట్ట మీద నంబరు వేస్తారు. ఆయన తడుముకోకుండా చెప్పాడు. కొట్టాను. మొదటి పేజీ: రంగు గోధుమ, చెవి మీద మచ్చ. రెండో పేజీ: మాట్లాడే భాషలు తెలుగు, కన్నడ, హిందీ. వివాహితుడు. శాశ్వత చిరునామా అత్తిబెలె. భార్య, నామినీ: అంటూ నా ఎదురుగా టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చున్న మనిషి పేరు. అవార్డులు: శత్రువు కాల్పుల మధ్య చూపిన ధైర్యానికి మెడల్.

నేను సంతోషంతో గట్టిగానే చదివాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

“అంటే నన్ను గాడిదకిచ్చి కట్టినారా మీరు?”

“మేం కాదమ్మా, రికార్డు ఆఫీసు.”

“ఎవురైతేనేంలే. మెడల్ గూడా దానికే వచ్చిండాది కదా? నేను అనుకుంటానే ఉండాను, ఈయప్పకు యాల ఇస్తారు మెడలు అని. పాపం, పక్కన ఉండాడు కదా, తనకే వచ్చిందనుకున్నాడు.”

వెనక పేజీ ఆయనదే, కాబట్టి మెడల్ ఆయనదే అని నేను ఎంత చెప్పినా ఆమె వినలేదు. సర్కారు కంప్యూటర్లో గాడిద పేరు మీద ఉంటే గాడిదదే. ఆమె వాదంలో తప్పేముంది? ఆ తర్వాత మా కల్నల్ గారూ రికార్డు ఆఫీసూ చేసిన వాదన కూడా సరిగ్గా అదే.

దిద్దమని ఉత్తరం రాశాం. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. “సదరు అవార్డు వేరొక నంబరు పేరు మీద నమోదై ఉన్నది. ఆ నంబరు గల వ్యక్తి నుండి అభ్యంతరం లేదని లిఖితపూర్వకంగా పొంది పంపగలరు.” ఆ నంబరు గలది వ్యక్తి కాదు, కంచరగాడిద అని తిరిగి రాశాం. “గమనించడమైనది. అయినను పద్ధతి ప్రకారం సదరు నంబరునకు నోటీసు ఇవ్వవలెను” అని జవాబు. కల్నల్ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, “పద్ధతి పద్ధతే కదమ్మా” అన్నారు. నేను నోటీసు టైపు చేశాను. పంపించాల్సిన చిరునామా రికార్డులో ఉన్నదే. అత్తిబెలె.

పోస్టుమాన్ ఆ ఇంటికి వెళ్ళి నంబరు చదివి, ఈ నంబరు గల మనిషి ఉన్నాడా అని అడిగాడట. ఆమె, “ఆయన లేడప్పా, నేను పెండ్లాన్ని” అని సంతకం పెట్టి తీసుకుంది. ఈ మాట ఆమే ఫోన్ చేసి చెప్పింది. “సుమ్మనే వెనక్కి పంపిస్తే ఇంకో నాలుగు నెలలు పోతాది కదా మేడమ్మా” అంది. ప్రభుత్వం పని ఎలా నడుస్తుందో మా ఆఫీసులో నాకంటే ఆమెకే బాగా తెలిసిపోయింది.

గడువు దాటినా కంచరగాడిద జవాబు ఇవ్వలేదు. అది ఎప్పుడో పోయి ఉంటుందని ఆయన అన్నాడు. అలాగే రాశాం. ఈసారి రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చూసి పక్క సీటు క్లర్కు బయటికి పరుగెత్తాడు. అందులో ఉన్నది ఇది: సదరు నంబరు గతించిన పక్షంలో, రికార్డులో ఉన్న భార్య నుండి అంగీకార పత్రం పొందవచ్చును.

కల్నల్ గారి ముఖం వెలిగిపోయింది. “భార్య ఉన్నారు కదా! పిలిపించండి. దీనికి ఫార్మాట్ ఉంది.”

నాకూ సంతోషమే వేసింది. పని ఒక్క సంతకం దూరంలో ఉంది. పత్రం నేనే ఎంతో ముచ్చటగా తయారుచేశాను. వాళ్ళను అడగాలని నాకు తోచలేదు. ఉద్యోగంలో పండిపోయినవాళ్ళకు వచ్చే తెగులు అది, మనం మేలు చేస్తున్నాం కాబట్టి అవతలివాళ్ళకు అభిప్రాయం ఉండదనుకుంటాం.

ఆ రోజు కల్నల్ గారి గదిలో దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నేను, సాక్షిగా పక్క సీటు క్లర్కు నిలబడ్డాం. పత్రం చదివి వినిపించాను. “నా భర్త, కీర్తిశేషులు, ఫలానా నంబరు కంచరగాడిద పేరు మీద ఉన్న ధైర్య సాహసాల మెడల్‌ను ఆ పేరు నుండి పూర్తిగా తొలగించి, ఫలానా నంబరు సైనికునికి ఇచ్చుటకు నాకు అభ్యంతరం లేదు. సదరు కంచరగాడిద ఈ మెడల్‌కు ఎన్నడూ అర్హత కలిగి ఉండలేదని ధ్రువీకరిస్తున్నాను.”

క్లర్కు కిటికీ వైపు తిరిగి భుజాలు ఊపుతున్నాడు. ఆమె పెన్ను తీసుకుంది.

“వద్దు” అన్నాడు ఆయన.

అందరం ఆయన వైపు చూశాం. ఆయన కుర్చీలోంచి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు, కల్నల్ గారి ఎదుట కదా. కుడికాలు మాత్రం నిటారుగా రాలేదు.

“సార్, నా పేరు ఎక్కకపోతే పోనీ. దాని పేరు మాత్రం తీయొద్దు. అర్హత లేదని రాయొద్దు సార్.”

“ఏంది నువ్వు చెప్పేది?” అంది ఆమె. “ఇన్నేండ్లు మెడల్ మెడల్ అని నా ప్రాణం తీసి, ఇప్పుడు వద్దంటావా? అయితే దానికే వచ్చిందా? నాకు అబద్ధం చెప్పినావా?”

“అబద్ధం కాదు.”

“మరి చెప్పు. ఏం చేసినావో ఒక్కనాడన్నా చెప్పినావా? మెడల్ వచ్చింది, మెడల్ వచ్చింది. యాల వచ్చింది?”

 ఆయన ఆమెకు కాదు, కల్నల్ గారికి చెప్పాడు. సైన్యంలో మాట్లాడినట్టు పొడిపొడిగా చెప్పాడు. కొండ పైన మన సైనికుల కాపలా పోస్టు ఒకటి. అక్కడ తూటాలు అయిపోవస్తున్నాయి. ఈయనా కంచరగాడిదా తూటాల పెట్టెలతో ఎక్కుతున్నారు. మధ్య దారిలో షెల్ పడింది. బండలు దొర్లి ఈయన కాలు విరిగింది. కంచరగాడిదకు ఏమీ కాలేదు. పెట్టెలు విప్పి పారేసి దాని మీద పడుకుంటే అది ఈయన్ను కిందికి, క్యాంపుకు చేర్చేది. దారి దానికి తెలుసు.

“పెట్టెలు జారిపోయి ఉండె సార్. కూర్చునే బిగించి కట్టినాను. పో పైకి అన్నాను. పోలే. వచ్చి నా మొగం కాడ మూతి పెట్టుకొని నిలబడింది. అది అందరినీ కరుస్తా ఉండె సార్, నన్ను ఒక్కనాడు కరవలే. నెట్టినాను. పోలే. రాయి తీసుకొని కొట్టినాను.”

కల్నల్ గారు కుర్చీలో ముందుకు వంగారు.

“మళ్ళా వెనక్కి వచ్చింది సార్. ఇంకో పెద్ద రాయి తీసుకొని మొగాన కొట్టినాను. నెత్తురు వచ్చింది. అప్పుడు పోయింది. పోస్టులో వాళ్ళు పెట్టెలు దించుకొని, మనిషి ఏడని చూసినారంట. అది తిరిగి కిందికి నడిచిందంట, వాళ్ళు దాని వెనకే వచ్చినారంట. వాళ్ళు రాకపోయింటే నేను ఆడనే పోయిందును. ఆస్పత్రి నుంచి నన్ను ఇంటికి పంపించేసినారు. దాన్ని మళ్ళా చూడలే సార్. రాయితో కొట్టిందే ఆఖరు.”

అంతా చెప్పి కూర్చున్నాడు.  ఎన్నో ఏళ్ళుగా అవార్డుల ఉత్తరాలు టైపు చేశాను, ధైర్యం అనే మాట ఎన్ని వందలసార్లు కొట్టానో. దాని వెనక ఇలాంటిది ఉంటుందని ఆ రోజు వరకు నాకు తెలియదు. క్లర్కు ఇటు తిరిగాడు. అతని ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆమె భర్త వైపు తిరిగి, మెల్లగా అడిగింది. “దెబ్బ శానా తగిలిందా దానికి?”

“ఊఁ.”

“అందుకేనా నాతో చెప్పంది?”

ఆయన తల ఊపాడు.

ఆమె పెన్ను మూతపెట్టి కల్నల్ గారి టేబుల్ మీద పెట్టింది. “నేను సంతకం పెట్టను సార్.”

కల్నల్ గారు తెల్లబోయారు. “అమ్మా, మీరు సంతకం పెట్టకపోతే మీ ఆయనకు మెడల్ రాదు.”

“అది గూడా నా మొగుడే అని మీరే కదా రాసినారు? నోటీసు పంపినారు, నాతో సంతకం చేయించుకున్నారు. పోయిన మొగునికి వచ్చిన మెడలును ఏ ఆడది అయినా వెనక్కి ఇస్తాదా? నేను ఇయ్యను. దానిది దానికి ఉండనీ. ఈయప్పది ఈయప్పకు ఇయ్యండి.”

అంతటితో ఆమె టిఫిన్ క్యారియర్ అందుకుంది. వాళ్ళిద్దరూ బయట వరండాలో కూర్చుని తిన్నారు. ఆమె ముందుగా ఆయనకు వడ్డించడం గది తలుపులోంచి నాకు కనిపించింది.

 కల్నల్ గారు సొరుగు లాగారు, మూశారు, మళ్ళీ లాగారు. “దీనికి ఫార్మాట్ లేదమ్మా” అన్నారు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా. చివరికి ఒక తెల్ల కాగితం తీసుకుని తన చేత్తోనే రాయడం మొదలుపెట్టారు. పైన విషయం అనే మాట కూడా రాయలేదు. ఆ ఉత్తరం నేనే టైపు చేశాను, కానీ అందులో ఏముందో చెప్పను. ఒక సైనికుడి గురించి ఇంకో సైనికుడు రాసినది. ఫార్మాట్లో ఇమడదు.

రికార్డు ఆఫీసువాళ్ళకు కూడా అది ఎక్కడో తగిలినట్టుంది. లేదా ఫార్మాట్ లేని ఉత్తరానికి కొర్రీ ఎలా వేయాలో తెలియక భయపడ్డారేమో. వర్షాకాలం పోయాక ఆదేశం వచ్చింది. సైనికుని రికార్డులో వెనక పేజీ సరిచేశారు. తోక పోయింది, లాడాలు పోయాయి, భార్య వచ్చింది, మెడల్ వచ్చింది. కంచరగాడిద రికార్డు మీద మాత్రం, “నామినీ అభ్యంతరం తెలిపినందున యథాతథంగా ఉంచడమైనది” అని రాశారు. అంటే దాని మెడలూ అలాగే ఉంది, దాని భార్యా అలాగే ఉంది. ఒక పాత తప్పును దిద్దబోయి ప్రభుత్వం ఒకే మెడల్‌ను ఇద్దరికి, ఒకే భార్యను ఇద్దరికి శాశ్వతంగా ఖాయం చేసింది. రిటైరయ్యేలోపు దాన్ని కూడా సరిచేయించగలిగేదాన్నే. ఆ ఫైలును బీరువాలో అట్టడుక్కు తోసి, దాని మీద పాత క్యాలెండర్లు పెట్టాను.

మెడల్ పోస్టులోనే వచ్చింది. పోస్టుమాన్ టీ అంగడి దగ్గరే ఆపి ఆయన చేతికి ఇచ్చాడట. ఆయన టీ తాగి డబ్బులిచ్చి వచ్చాడట, ఎవరితోనూ ఏమీ అనకుండా.

శిలాఫలకం ఆవిష్కరించే రోజుకు నన్నూ రమ్మన్నారు. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో చందాపుర దాటేసరికే సగం ప్రాణం పోయింది. నేను చేరేసరికి షామియానా కింద సభ నడుస్తోంది. సంఘం కార్యదర్శి మైకులో ఒక్కొక్క పేరూ చదువుతున్నాడు. మెడల్స్ వచ్చినవాళ్ళకు శాలువా కప్పుతున్నారు, పోయినవాళ్ళ తరఫున ఇంటివాళ్ళు వచ్చి తీసుకుంటున్నారు. ఆయన పేరు పిలిచారు. కాలు ఈడుస్తూ వెళ్ళి, శాలువా కప్పించుకుని, సెల్యూట్ చేసి వచ్చి కూర్చున్నాడు. ఆమె చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

అత్తిబెలె చిరునామా మీద ఉన్న మెడల్స్ అన్నిటినీ కంప్యూటర్లోంచి తీసి మా ఆఫీసు పంపిన కాగితంలోంచి కార్యదర్శి తర్వాతి వరుస చదివాడు. అది నంబరు. పక్కన కీర్తిశేషులు అని ఉంది, భార్య పేరు ఉంది. కార్యదర్శి తడబడి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, రాసింది రాసినట్టు చదివేశాడు. “వారి తరఫున వారి ధర్మపత్ని వేదిక మీదికి రావాలని కోరుతున్నాం.”

తలనిండా మల్లెపూలతో, నుదుట రూపాయంత కుంకుమబొట్టుతో ఆమె లేచింది. వెనక వరసలో టీ అంగడి మనుషులు కిసుక్కుమన్నారు. ఆమె వాళ్ళ వైపు చూడనైనా చూడలేదు. కొంగు సర్దుకుని నడిచి వెళ్ళి, రెండు చేతులూ చాపి శాలువా తీసుకుంది, మైకు ముందు ఒక్క క్షణం తల వంచి నిలబడింది. కింద కుర్చీలో ఆయన, తన శాలువాతోనే ముఖం కప్పుకుని, చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు.

ఆమె దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. శాలువాను మడతపెట్టి ఒడిలో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, వెనక వరసకు వినపడేటట్టు నాతో అంది.

“ఈ అత్తిబెలెలో ఇద్దరు మొగుళ్ళకీ మెడల్ వచ్చిన ఆడది ఇంకొకతి ఉంటే చూపించమను మేడమ్మా.”